లాఖా సింగ్ గుడిసె ఊరి చివరే ఎందుకుంది?

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి అర్థశాస్త్రం పుస్తకంలో పేదరికం మీద ఒక పాఠం ఉంది. సీబీఎస్‌ఈ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు చదివిన పాఠం అది. సివిల్స్‌కూ గ్రూప్స్‌కూ తయారయ్యేవాళ్లు కూడా మొదట పట్టుకునేది ఆ పుస్తకాలనే. అందులో లాఖా సింగ్ అనే మనిషి కథ వస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో మీరట్ దగ్గర ఒక చిన్న ఊరు. సెంటు భూమి లేదు. పెద్ద రైతుల పొలాల్లో దొరికిన పని చేస్తాడు. రోజంతా కష్టపడితే ఒక్కోసారి 50 రూపాయలు వస్తాయి, చాలాసార్లు డబ్బుకు బదులు కాసిన్ని గోధుమలో పప్పో పెడతారు. తండ్రి క్షయతో మందుల్లేక పోయాడు. తల్లికీ అదే జబ్బు. ఊళ్లో బడి ఉన్నా లాఖా ఏనాడూ బడికి పోలేదు, పదేళ్లకే పనిలో పడ్డాడు. ఉండేది ఊరి చివర గుడిసెలో.

కథ చదివాక పిల్లలు పేదరికానికి ముడిపడిన సమస్యలు గుర్తించాలి. భూమి లేకపోవడం, పని దొరక్కపోవడం, పెద్ద కుటుంబం, చదువు లేకపోవడం, అనారోగ్యం, బాలకార్మికత, నిస్సహాయత. అన్నీ నిజాలే. పరీక్షలో అన్నిటికీ మార్కులు పడతాయి. కానీ ఒక్క ప్రశ్న మాత్రం పాఠం అడగదు. ఆ గుడిసె ఊరి చివరే ఎందుకుంది? ఊరి నడుమ ఎందుకు లేదు?

అదే పాఠంలో కొన్ని పేజీల తరువాత, ఎస్సీ ఎస్టీ కుటుంబాలు పేదరికానికి ఎక్కువగా గురయ్యే వర్గాలని రాసి ఉంటుంది. ఆ మాట రాసినందుకు పుస్తకాన్ని మెచ్చుకోవాలి. అయితే కథలో ఉన్న మనిషికి కులం లేదు, లెక్కల్లో ఉన్న కులానికి మనిషి లేడు. రెండింటినీ కలిపి చదివే పని టీచరు మీద పడింది. చాలా తరగతి గదుల్లో ఆ పని జరగదు.

ఇప్పుడు ఇది బడి పుస్తకానికే పరిమితమైన సంగతి కాదు. 2020 జాతీయ విద్యా విధానం ఉన్నత విద్యలో సామాజిక సేవకు క్రెడిట్లు ఇవ్వాలని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాలు ఎప్పటినుంచో ఉన్నాయి. సోషల్ వర్క్, గ్రామీణాభివృద్ధి, ఎంబీఏ కోర్సుల వాళ్లు ఊళ్లకు వెళ్లి వస్తున్నారు. విద్యార్థికి పేదరికం అంటే ఏమిటో చూపించాలి అన్నది వీటన్నిటి వెనక ఉన్న ఉద్దేశం. మంచిదే. కానీ ఎవరికి చూపిస్తున్నాం, ఎవర్ని చూపిస్తున్నాం, చూసినవాళ్లు ఏం నేర్చుకొని వస్తున్నారు అని అడగాల్సిన సమయం వచ్చింది.

మూడు పూటలు

రెండేళ్ల కింద ఒక పీజీ క్లాసుతో కలిసి తెలంగాణలో ఒక ఊరికి వెళ్లాను. రీసెర్చ్ స్కాలర్‌ను కాబట్టి సర్వే చూసుకునే పని నాకు అప్పగించారు. పన్నెండు పేజీల ఫారం. ఇంట్లో ఎంతమంది, ఇల్లు పెంకులదా రేకులదా, మరుగుదొడ్డి ఉందా, అప్పు ఎంత, రోజుకు ఎన్నిసార్లు తింటారు. మాకు ఇచ్చిన ఇళ్ల జాబితా మొత్తం మాదిగవాడదే.

ఒక ఇంట్లో పెద్దామె అన్ని ప్రశ్నలకూ ఓపిగ్గా జవాబు చెప్పింది. ఎన్నిసార్లు తింటారంటే మూడు పూటలు అంది. చివర్లో ఆమే అడిగింది: "గీ కాయితాలు పటేలోళ్ల దిక్కు గూడ తీస్కపోతుండ్రా బిడ్డా, మా వాడకేనా?" మా దగ్గర జవాబు లేదు. ఫారం మీద 'పేద కుటుంబాల సర్వే' అని అచ్చేసి ఉంది. ఊళ్లో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి రేటు ఎవరు నిర్ణయిస్తారు, అప్పు ఎవరిస్తారు, వడ్డీ ఎంత అని అవతలి పక్కకు వెళ్లి అడిగే ప్రశ్న ఒక్కటీ మా పన్నెండు పేజీల్లో లేదు. పేదరికం వాడలో పుట్టి వాడలోనే పెరిగే జబ్బు అన్నట్టుగా ఆ ఫారం తయారైంది.

ఆ రాత్రి ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అక్కా, నేను ఇంటర్ల ఉన్నప్పుడు మా ఇంటికి గూడ గిట్లనే వచ్చిండ్రు. మా అమ్మ గూడ మూడు పూటలనే చెప్పింది." ఇంకేం మాట్లాడలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లల ముందు, చేతిలో కాగితం పట్టుకున్నవాళ్ల ముందు, మా ఇంట్లో ఒక పూట పస్తుంటాం అని ఎవరు చెబుతారు? ఆ సంగతి అతనికి ముందే తెలుసు. అతను చెప్పేదాకా ఆ ప్రశ్న మీద నాకు అనుమానం రాలేదు. నేనూ హాస్టల్‌లో ఉండి చదువుకున్నదాన్నే.

తిరిగి వచ్చాక ప్రజెంటేషన్లు జరిగాయి. ఒక బృందం ఫొటోలు చూపించింది. రేకుల ఇల్లు, మట్టి పొయ్యి, నవ్వుతున్న పిల్లలు. "ఏమీ లేకపోయినా ఎంత సంతోషంగా ఉన్నారో" అని ముగించారు. చప్పట్లు కొట్టారు. ఆ అబ్బాయి లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ ప్రజెంటేషన్‌కు మంచి మార్కులు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

32 రూపాయల పరీక్ష

పేదరికాన్ని అనుభవంతో నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని ఒక సంస్థ తయారుచేసిన 'పావర్టీ సిమ్యులేషన్' అక్కడి కాలేజీల్లో బాగా వాడుకలో ఉంది. విద్యార్థులు పేద కుటుంబాల సభ్యులుగా నటిస్తారు. పదిహేను నిమిషాలు ఒక వారం కింద లెక్క. గంటలో ఒక నెల గడిచిపోతుంది. ఆ గంటలో అద్దె కట్టాలి, పిల్లల్ని చూసుకోవాలి, ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మన దగ్గర 2011లో ఇలాంటిదే ఒకటి జరిగింది. పట్టణాల్లో రోజుకు 32 రూపాయలు, పల్లెల్లో 26 రూపాయలు మించి ఖర్చు చేసేవాళ్లు పేదలు కారని ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు అఫిడవిట్ ఇచ్చింది. దేశమంతా మండిపడింది. ఆ రోజుల్లోనే విదేశాల్లో చదువుకొని వచ్చిన ఇద్దరు యువకులు కొంతకాలం ఆ డబ్బుతోనే బతికి చూశారు. తిండి గురించి తప్ప మరో ఆలోచన రాని స్థితి ఎలా ఉంటుందో వాళ్లు నిజాయితీగానే చెప్పారు. ఆ ప్రయత్నాన్ని ఎగతాళి చేయనక్కర్లేదు.

కానీ అలాంటి పరీక్షలో మూడు సంగతులు ఎప్పటికీ రావు. ఒకటి, అది ముగిసే తేదీ ముందే తెలుసు. రెండు, తాత చేసిన అప్పు దాంట్లో ఉండదు. మూడోది కులం. ఆధిపత్య కులం మనిషి చేతిలో 32 రూపాయలే ఉన్నా అతను ఏ వీధిలోనైనా గది అడగగలడు. చేతిలో 32 వేలున్న దళితుడికి ఇంటి పేరు చెప్పగానే 'గది నిన్ననే ఇచ్చేశాం' అన్న జవాబు వస్తుంది.

దీనికి అంబేడ్కర్ జీవితం కంటే మంచి పాఠం లేదు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అన్న ఆయన స్వీయ జ్ఞాపకాలు కొలంబియా విశ్వవిద్యాలయంలో పాఠ్యంగా ఉన్నాయి. అందులో మొదటి ఘటన 1901లో జరిగింది. ఉద్యోగం చేస్తున్న తండ్రి దగ్గరికి పిల్లలు రైల్లో బయల్దేరారు. మంచి బట్టలున్నాయి, చేతిలో డబ్బుంది, దారిలో తినడానికి కావలసినంత అన్నం ఉంది. కులం తెలియగానే బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకుంటే, బండివాడు పక్కన నడిచాడు. దారి పొడవునా తాగడానికి నీళ్లు పుట్టలేదు. నీళ్లు లేక ఆ రాత్రి ముందున్న అన్నం కూడా తినలేకపోయారు. ఆదాయం లెక్క ప్రకారం ఆ పిల్లలు పేదలు కారు. పేదరికాన్ని ఆదాయంతో మాత్రమే కొలిచే పాఠం ఆ రాత్రిని వివరించలేదు.

లెక్కలు ఏం చెబుతున్నాయి

పేదరికపు గీత ఎక్కడ గీయాలన్నది ఎప్పుడూ రాజకీయ నిర్ణయమే. టెండూల్కర్ కమిటీ పద్ధతి ప్రకారం 2011-12లో ఆ గీత తలకు నెలకు పల్లెల్లో 816, పట్టణాల్లో 1,000 రూపాయలు. దేశంలో పేదలు 21.9 శాతం. 2014లో రంగరాజన్ కమిటీ అదే ఏడాదికి గీతను 972, 1,407 రూపాయలకు జరిపింది. పేదలు 29.5 శాతమయ్యారు. గీత ఆ కాస్త జరిగేసరికి 9 కోట్లకు పైగా మనుషులు పేదల లెక్కలోకి వచ్చారు. వాళ్ల కంచంలో మాత్రం ఏమీ మారలేదు.

గీతలు ఎలా గీసినా మారనిది ఒకటుంది. 2021 ప్రపంచ బహుముఖ పేదరిక సూచీ నివేదిక మన దేశంలోని పేదల్ని కులం వారీగా చూసింది. ఎస్టీల్లో సగం మంది, ఎస్సీల్లో 33.3 శాతం, ఓబీసీల్లో 27.2 శాతం పేదలు. మిగతావాళ్లలో 15.6 శాతం. దేశంలో ప్రతి ఆరుగురు పేదల్లో ఐదుగురు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కుటుంబాలవాళ్లే.

కేంద్ర ప్రభుత్వ గృహ వినియోగ వ్యయ సర్వే 2022-23 చూసినా అదే వరుస. పల్లెల్లో తలసరి నెలసరి ఖర్చు ఎస్టీలకు 3,016 రూపాయలు, ఎస్సీలకు 3,474, ఓబీసీలకు 3,848, ఇతరులకు 4,392. ఇది పై నుంచి కిందికి మెట్లుమెట్లుగా దిగే లెక్క. మెట్ల వ్యవస్థ గురించి అంబేడ్కర్ చెప్పిందే సర్కారు పట్టికలో అంకెల రూపంలో కనిపిస్తోంది. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం వాళ్ల చేతిలో ఉన్న సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. లాఖా సింగ్‌కు భూమి ఎందుకు లేదన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు అంకెల మధ్య ఉంది.

'అగ్రకులాల్లోనూ పేదలున్నారు కదా' అనే మాట క్లాసులో తప్పకుండా వస్తుంది. ఉన్నారు. పైన చెప్పిన 15.6 శాతం వాళ్లదే. వాళ్ల ఆకలి కూడా ఆకలే. కానీ రాజ్యం ఎవరి పేదరికాన్ని ఎలా కొలుస్తోందో కూడా అదే క్లాసులో చెప్పాలి. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. దాని నుంచి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలను మినహాయించారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 తీర్పుతో దాన్ని సమర్థించింది. ఆ కోటాకు ఏడాది ఆదాయ పరిమితి 8 లక్షలు. ఎస్సీ విద్యార్థికి కేంద్ర పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ రావాలంటే కుటుంబ ఆదాయం 2.5 లక్షలు దాటకూడదు. ఒకే దేశం, ఒకే ప్రభుత్వం, పేదరికానికి మాత్రం రెండు గీతలు. ఈ రెండు అంకెలు బోర్డు మీద పక్కపక్కన రాస్తే చాలు, ఒక పీరియడ్ చర్చ నడుస్తుంది.

సాయంత్రం 5 గంటలు

పేదరికం అనగానే మన పాఠాలు ఖాళీ కంచం చూపిస్తాయి. ఖాళీ కంచం నిజం. కానీ చదువుకునే పిల్లల జీవితంలో పేదరికం ఎక్కువసార్లు ఆఖరి తేదీ రూపంలో ఎదురవుతుంది.

2024 జూన్‌లో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాకు చెందిన ఒక దళిత కుర్రాడికి ధన్‌బాద్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. తండ్రి దినకూలీ. సీటు ఖాయం చేసుకోవడానికి 17,500 రూపాయలు కట్టాలి. చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. జూన్ 24 సాయంత్రం 5 గంటలు గడువు. అక్కడా ఇక్కడా అడిగి డబ్బు కూడబెట్టేసరికి గడువుకు నిమిషాలే మిగిలాయి. వెబ్‌సైట్‌లో వివరాలు ఎక్కిస్తుండగానే సమయం ముగిసింది. సీటు పోయింది. ఎస్సీ కమిషన్, జార్ఖండ్ న్యాయ సేవల సంస్థ, మద్రాస్ హైకోర్టు అన్నీ తిరిగి చివరికి సుప్రీంకోర్టుకు చేరాడు. సెప్టెంబరు 30న ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నాయకత్వంలోని ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణ కింద అతనికి సీటు ఇవ్వమని ఆదేశించింది.

ఈ కేసులో కుర్రాడి ప్రతిభ గురించి వార్తలు చాలా వచ్చాయి. ఆ గడువు గురించి తక్కువ రాశారు. కార్డు ఉన్న ఇంట్లో 17,500 రూపాయలు కట్టడం రెండు నిమిషాల పని. కూలికి పోయే ఇంట్లో అది నాలుగు రోజులు, పది ఇళ్ల గడపలు. గడువు అందరికీ ఒకటే. అందుకే అది సమానంగా కనిపిస్తుంది. సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగింది ఒక్క కుర్రాడు. జాయినింగ్ ఫీజు కట్టలేక మధ్యలోనే ఆగిపోయినవాళ్లు ఏ తీర్పులోనూ కనిపించరు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల రాసిపెట్టిన చివరి ఉత్తరాన్ని చాలామంది నక్షత్రాల గురించి రాసిన మాటలతో గుర్తుపెట్టుకున్నారు. అదే ఉత్తరంలో ఒక లెక్క కూడా ఉంది. తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాలని, అది లక్షా 75 వేలని, అందులోంచి ఒక మిత్రుడి బాకీ తీర్చాలని రాశాడు. పేదరికం పాఠంలో ఆ లెక్కకు చోటుండాలి. అది ఊరి చివర గుడిసెలోది కాదు, విశ్వవిద్యాలయం లోపలిది.

మన రాష్ట్రాల్లో ఈ సంగతి ప్రతి ఏడాదీ చూస్తున్నాం. 2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం బంద్ చేశాయి. సర్కారుకూ యాజమాన్యాలకూ మధ్య చర్చలు జరిగాయి. ఆ చర్చల బల్ల దగ్గర విద్యార్థికి కుర్చీ లేదు. బకాయి ప్రభుత్వానిది. కానీ టీసీ, మెమోలు ఆగిపోయేది విద్యార్థికి. ఉద్యోగం వచ్చి కూడా సర్టిఫికెట్ చేతికి రాక ఆగినవాళ్లు మనలో చాలామందికి తెలుసు.

మరి ఎలా చెప్పాలి?

పేదరికం గురించి చెప్పొద్దని నేను అనడం లేదు. చెప్పే పద్ధతి మార్చాలంటున్నాను. నా అనుభవంలో నాలుగు సంగతులు అవసరమనిపించాయి.

మొదటిది, సర్వే ఊరికీ వాడకీ రెండింటికీ వెళ్లాలి. భూమి ఎవరిది, బోరు ఎవరిది, శ్మశానాలు ఎన్ని, హోటల్లో గ్లాసులు ఎన్ని రకాలు, గుడి ఎవరిది, వడ్డీ ఎంత అన్న ప్రశ్నలు ఫారంలోకి రావాలి. సంపద ఎలా వచ్చిందో అడగకుండా పేదరికం ఎలా వచ్చిందో రాయలేం. ఆ పెద్దామె అడిగిన ప్రశ్నే మా ఫారంలో మొదటి ప్రశ్న కావలసింది.

రెండోది, క్లాసులో ఉన్న పేద విద్యార్థిని నమూనాగా నిలబెట్టకూడదు. 'నీ అనుభవం చెప్పు' అని అందరి ముందు అడగడం గౌరవం అనిపించుకోదు. మాట్లాడాలనుకుంటే అతని మాటకు ఒక పుస్తకానికి ఇచ్చేంత విలువ ఇవ్వాలి. మౌనంగా ఉండాలనుకుంటే ఆ మౌనాన్ని వదిలేయాలి. ముందుగా అతను క్లాసులోనే ఉన్నాడని టీచరుకు గుర్తుండాలి. పేదలు ఎక్కడో ఊళ్లో ఉంటారు, మనం బస్సెక్కి చూసి వస్తాం అన్న ఊహతోనే సిలబస్ తయారవుతోంది. మూడో బెంచీలో కూర్చున్నవాడి ఇంటికే బస్సు వెళ్తోందని ఎవరికీ తట్టడం లేదు.

మూడోది, జీవోలు, బడ్జెట్లు చదివించాలి. 2024 చివర్లో తెలంగాణ ప్రభుత్వం సంక్షేమ హాస్టళ్ల డైట్ ఛార్జీలు 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1,500 నుంచి 2,100 అయింది. అంటే రోజుకు 70 రూపాయలు, అంతకు ముందు 50. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు 950 నుంచి 1,330, రోజుకు 44 రూపాయలు. ఈ డబ్బుతో పొద్దున టిఫిన్, రెండు పూటల భోజనం, వారానికి ఇన్ని గుడ్లు అని మెనూ వేయమని విద్యార్థులకు చెప్పండి. మార్కెట్‌కు పంపి ధరలు రాసుకు రమ్మనండి. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన ఎస్సీ ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం, 2017లో తెలంగాణ తెచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దగ్గర పెట్టుకొని, తమ జిల్లాలో కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత అని సమాచార హక్కు దరఖాస్తు వేయించండి. 32 రూపాయలతో ఒక రోజు నటించడం కంటే ఇందులో చాలా ఎక్కువ నేర్చుకుంటారు. పైగా దాంతో ఎవరికో పని జరుగుతుంది.

నాలుగోది, అన్నిటికంటే కష్టమైనది. పాఠం కాలేజీ గేటు లోపల మొదలవ్వాలి. మన కాలేజీలో ఫీజు గడువుకు ఎన్ని రోజులిస్తున్నారు? ఆలస్యమైతే జరిమానా ఎంత? స్కాలర్‌షిప్ రాని నెలల్లో మెస్ బిల్లు ఎవరు కడుతున్నారు? ఫీల్డ్ ట్రిప్‌కు డబ్బు కట్టలేనివాళ్లు ఏం చేస్తున్నారు? ల్యాప్‌టాప్ అందరికీ ఉంటుందనుకొని అసైన్‌మెంట్లు ఇస్తున్నామా? 2007లో సుఖదేవ్ థొరాట్ కమిటీ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ ఎస్టీ విద్యార్థుల పరిస్థితిని లోపలి నుంచే పరిశీలించి నివేదిక ఇచ్చింది. దేశంలో అంత పేరున్న సంస్థలోనే అలాంటి పరిశీలన సాధ్యమైనప్పుడు మన డిపార్ట్‌మెంట్‌లో ఎందుకు సాధ్యం కాదు?

కులం పేరు ఎత్తితే పిల్లల మధ్య విభజన వస్తుందని కొందరు అధ్యాపకులు భయపడతారు. విభజన ఇప్పటికే ఉంది. హాస్టల్ గదుల్లో ఉంది, వాట్సాప్ గ్రూపుల్లో ఉంది, 'నీ ర్యాంక్ ఎంత' అన్న ప్రశ్నలో ఉంది. పాఠంలో లేనిది దాని గురించి మాట్లాడే భాష. ఆ భాష ఇస్తే ఆధిపత్య కులాల పిల్లలకూ మేలు జరుగుతుంది. జాలి దగ్గర ఆగిపోయేవాళ్లు బాధ్యత దాకా వస్తారు. జాలిపడ్డవాడు దుప్పటి ఇచ్చి ఫొటో దిగి వస్తాడు. బాధ్యత తెలిసినవాడు ఇంటికి వెళ్లాక, మన పొలంలో కూలి ఎంత ఇస్తున్నాం నాన్నా అని అడుగుతాడు.

విద్యార్థి సంఘాలకు ఒక మాట. కొత్త విద్యా సంవత్సరంలో మీ డిపార్ట్‌మెంట్ ఊరికి తీసుకెళ్లేటప్పుడు సర్వే ఫారం ముందుగా చూపించమని అడగండి. అందులో ఊరి పక్కన అడిగే ప్రశ్నలు ఎన్ని, వాడ పక్కన అడిగేవి ఎన్ని అని లెక్కపెట్టండి. తేడా కనిపిస్తే ఫారం మార్చమనండి. మార్చకపోతే మీ సొంత ఫారం మీరు తయారుచేసుకోండి. మొదటి ప్రశ్నగా, ఈ గుడిసె ఊరి చివరే ఎందుకుందో రాయండి.